చావెలా బండి

మ్యూజియం గుమ్మం దాటగానే ఒఫీలియాకి ఎదురుపడింది వెండెల్ క్రౌడర్ నిలువెత్తు విగ్రహం. తల మీద వెడల్పాటి టోపీ, చేతిలో పందెం మొదలుపెట్టే జెండా, మొహాన అదే నవ్వు. కింద ఇత్తడి పలక మీద "పందెగాళ్ళ ప్రాణాలకు కాపలా కాసినవాడు" అని చెక్కించారు. ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఎనభై దాటిన మనిషి. మెట్లెక్కినా రాని ఆయాసం ఆ ఒక్క వాక్యం చదివేసరికి వచ్చింది.

"చచ్చినవాడికి సిగ్గు లేకపోతే పోయింది. చెక్కించినవాళ్ళకైనా ఉండద్దూ?" అంది.

పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ అన్న రూబెన్ ఆ మాట విననట్టే లోపలికి చూస్తున్నాడు. "పద ఫెలీ, ముందు బండి చూద్దాం" అన్నాడు.

ఆ పిలుపు వచ్చిన రోజు నుంచీ అతని వరస అదే. ఇప్పుడా మ్యూజియం నడుపుతున్న క్రౌడర్ మనవరాలు పెయిజ్ స్వయంగా ఫోన్ చేసి, మీరు పందేల్లో నడిపిన బండి మా గోదాములో దొరికింది, బాగు చేయించాం, శనివారం పాత పందెగాళ్ళ కలయిక ఉంది, మీరొచ్చి అందులో కూర్చుంటే ఇంజను స్టార్ట్ చేస్తాం అని చెప్పింది. గోదాములో దొరకడమేమిటి, దెబ్బతిన్న బండిని జాగ్రత్త చేస్తానని వాళ్ళ తాత పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వకపోతేనూ, అని ఒఫీలియా ఇల్లు పీకి పందిరేసింది. ఆ ఇంటిపేరున్న గుమ్మం తొక్కితే ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవాలంది. "నాకున్నది ఒక్క కాలే కదా, సగం నీళ్ళు చాలు" అన్నాడు రూబెన్. ఇంక చేసేదేముంది? కారు తనే తీసింది. బతుకంతా డెలానో ఊళ్ళో బడి బస్సు నడిపిన చెయ్యి ఆవిడది. తొంభై తొమ్మిదో నంబరు రోడ్డు మీద బాదం తోటలు దాటుకుంటూ వచ్చింది.

హాలు నిండా బండ్లే. ముందు భాగం పొడుగ్గా, వెనక చక్రాలు ఏనుగు పాదాల్లా, తిన్నగా పావు మైలు పరిగెత్తడానికి తప్ప ఇంక దేనికీ పనికిరానివి. రూబెన్ ఒక్కోదాని దగ్గరా ఆగి, ఇది ఫలానావాడిది, వాడు గేరు మార్చేటప్పుడు నాలుక బయటపెట్టేవాడు, ఇది ఫలానావాడిది, వాడి పెళ్ళానికి దాని చప్పుడు వినిపిస్తే తలనొప్పి, అని చెప్పుకుంటూ పోతున్నాడు. చెబుతూ చెబుతూ చివరిదాని ముందు మాట ఆపేశాడు.

ఎర్రటి రంగు, బంగారు గీతలు, అద్దంలా మెరిసే ఇనుము. పక్కన వంకీలు తిరిగిన అక్షరాలతో "క్రౌడర్ స్పెషల్" అని రాసి ఉంది.

"ఇదేనంటావా?" అన్నాడు.

ఒఫీలియా వంగి సీటు కిందికి చూసింది. చట్రంలో ఒకచోట రెండు గొట్టాలు కలిసే దగ్గర అతుకు కాస్త లావుగా, గడ్డకట్టిన బెల్లంలా ఉంది. ఆ అతుకు వేసింది తనే. అన్న చెయ్యి పట్టని సందుల్లో పనంతా తనదే ఆ రోజుల్లో.

"ఇదే" అంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసి పోయిన విమానాల దారి ఒకటి పత్తి చేల మధ్య పడి ఉండేది. రోడ్ల మీద పోటీలు పడుతుంటే పోలీసులు తరిమారు. కుర్రాళ్ళు అక్కడికి చేరారు. ఆదివారం ప్రార్థన అవడం ఆలస్యం, ఎవడి డొక్కు వాడు తోసుకునో లాక్కునో వచ్చేవాడు. చేతి గడియారమే కొలత. ఎవరింట్లోనో పాత దుప్పటి చింపితే జెండా. ద్రాక్షతోటల్లో కాయలు కోసే ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు, పత్తి రైతుల కొడుకులు, రూబెన్‌లాంటి మెక్సికన్ పిల్లలు ఒకే ఇంజను మీద తలలు దూర్చి తిట్టుకునేవాళ్ళు. ఆ ఇంజను ఏ తుక్కు యార్డులోంచి ఎవరు లాక్కొచ్చారన్నదే అక్కడ గొప్ప.

రూబెన్ ట్రాక్టర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. గోతిలో పడ్డ ఓల్డ్స్‌మొబైల్ కారు ఇంజను, పాత లారీ చట్రం తెచ్చి, పెరట్లో మల్బరీ చెట్టు కింద అన్నాచెల్లెళ్ళు బండి కట్టారు. రంగుకి తాహతు లేదు. బూడిదరంగు పూత పూసి ఊరుకున్నారు. పక్కన మాత్రం ఒఫీలియా తెల్లరంగుతో అమ్మ పేరు రాసింది, చావెలా అని. అమ్మ చూసి, నా పేరు పెట్టుకుని అంత చప్పుడు చేస్తుందేమిటే అని సిగ్గుపడింది. అయినా ఆదివారం ఆదివారం బీన్స్ పెట్టిన రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని, గట్టున కూర్చుని చూసేది. ఆ మనిషి మొహంలో అంత సంతోషం ఒఫీలియా మళ్ళీ చూడలేదు.

తరవాత క్రౌడర్ వచ్చాడు. ఆ నేల అద్దెకి పుచ్చుకుని, చుట్టూ తాడు కట్టి, బెంచీలు వేసి, టికెట్లు పెట్టాడు. పిల్లలు కనిపెట్టుకున్న ఆటకి పెద్దమనిషయ్యాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఇదిగో, ఇది మా రాజావారి బండి" అని వెనకనించి ఎవరో అనడంతో ఒఫీలియా ఉలిక్కిపడింది. మెడలో పట్టీ వేసుకున్న గైడు ఒకాయన, పేరు గ్లెన్ అని పట్టీ మీద ఉంది, పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. చిన్నతనం నుంచీ ఈ బండంటే నాకు ప్రాణం అంటూ మొదలెట్టాడు. క్రౌడర్‌గారు దీన్ని పోటీకి దింపిన వైనం చెప్పాడు. దింపింది ఆయనేనట! ఇంక కథలో రుచి కోసం గొంతు తగ్గించాడు.

"పాపం, నడిపిన కుర్రాడికి కాస్త దాహం ఎక్కువ. ఫైనల్‌కి ముందు రెండు బీర్లు లాగించాడు. గెలిచాడు కానీ బ్రేకు ఎక్కడుందో మరిచిపోయి కాలవలోకి పోయాడు" అన్నాడు.

జనం నవ్వారు. ఒఫీలియా ముందు నవ్వినవాళ్ళ మొహాలు చూసింది, తరవాత అన్న మొహం చూసింది. రూబెన్ నేల చూస్తున్నాడు. అరవై ఏళ్ళ కింద ఆస్పత్రి మంచం మీద పేపరు చదివి వినిపించినప్పుడు కూడా అలాగే పక్క మీది దుప్పటి చూశాడు.

బండి పక్కనే అద్దం చట్రంలో బోర్డు ఉంది. గైడు సొంతంగా కల్పించినదేమీ లేదు. "డ్రైవరు మద్యం సేవించిన కారణంగా జరిగిన ప్రమాదం తరువాత, ఇక ఏ ప్రాణానికీ ముప్పు రారాదని వెండెల్ క్రౌడర్ దేశంలోనే మొదటిసారిగా పందెపు దారి చివర ఇసుక కట్టలు పోయించారు" అని రాసి ఉంది.

ఒఫీలియా ఒళ్ళు మండిపోయింది. ఇసుక కట్టలు! ఆ మాట మొదట అన్నది ఎవరు? పావు మైలు అయ్యాక బండి ఆగడానికి చోటుండాలి. ఏటికేడు వేగాలు పెరుగుతున్నాయి, దారి మాత్రం పెరగలేదు. అవతల సిమెంటు గోడల సాగునీటి కాలవ. మొదలుపెట్టే గీత వెనక్కి జరపండి, లేదా చివర ఇసుకైనా పోయించండి అని అడగడానికి పందెగాళ్ళు వెళితే వాళ్ళతో ఒఫీలియా కూడా వెళ్ళింది. గీత జరిపితే బెంచీలు జరపాలి అన్నాడు క్రౌడర్. ఇసుక పోస్తే చూడ్డానికి అసహ్యంగా ఉంటుందన్నాడు. ఆవిడ రెట్టించి అడిగితే, "అమ్మాయ్, బ్రేకులు అందుకే పుట్టాయి. నువ్వెళ్ళి రొట్టెలు పంచు" అన్నాడు.

ఆ తరవాతి ఆదివారమే రూబెన్ గెలిచాడు. గీత అందరికంటే ముందు దాటాడు. బ్రేకు తొక్కాడు, మళ్ళీ తొక్కాడు, కాగిపోయిన బ్రేకులు పట్టలేదు. బండి కాలవ అంచు దాకా పోయి ఒక్కసారి మాయమైంది. అమ్మ చేతిలో రొట్టెల గుడ్డ అలాగే ఉంది. ఒఫీలియా పరిగెత్తి కాలవలోకి దూకింది. అన్న కుడికాలు మోకాలి కింద ఇనుముకీ సిమెంటుకీ మధ్య నలిగిపోయింది. క్రౌడర్ గట్టు మీదకి వచ్చి ముందు వెనక్కి తిరిగి జనాన్ని చూసుకున్నాడు. ఎంతమంది చూశారో లెక్కేసుకున్నాడు కాబోలు. ఆ సాయంత్రమే పేపరువాళ్ళకి, బండిలో బీరు సీసాలు దొరికాయని చెప్పాడు. బండిలోనట! ఆ సీట్లో మనిషే ఊపిరి బిగబట్టి దూరాలి.

కాలు పోయినందుకు రూబెన్ అంత ఏడవలేదు. అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. వాళ్ళ నాన్న ఒకప్పుడు తాగి తాగి, గ్వాడలూపే మాత పటం ముందు మోకరిల్లి మానేసిన మనిషి. కొడుకు చేత కూడా అదే పటం ముందు ఒట్టు వేయించుకున్నాడు. పేపర్లో అచ్చయిందంటే ఆయనకి వేదం. పిల్లలిద్దరూ ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. ఒకే బల్ల దగ్గర తింటూ కొడుకుతో మాట్లాడకుండా ఏళ్ళు గడిపాడు. చివరికి ప్రాణం పోయే ముందు రూబెన్‌ని దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేసి, నిన్ను క్షమించానురా అన్నాడు. చెయ్యని తప్పుకి క్షమాభిక్ష! రూబెన్ అది తీసుకున్నాడు. ఒఫీలియా తీసుకోలేదు, ఈ రోజుకీ.

ఇప్పుడావిడ గైడుకి అడ్డం వెళ్ళి నిలబడింది. నవ్వడం అయిపోయిందా అని అందరినీ అడిగింది. ఆ దాహం ఎక్కువైన కుర్రాడు ఇదుగో ఇక్కడే ఉన్నాడు, వాసన చూసుకోండి అంది. గ్లెన్ మొహం పాలిపోయింది. అతను మంచివాడే పాపం, అయ్యో సార్ అంటూ రూబెన్ చేతులు పట్టుకోబోయాడు. ఈలోగా ఎవరో చెప్పినట్టున్నారు, పెయిజ్ క్రౌడర్ పరుగున వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, చక్కగా దువ్వుకున్న జుట్టు, చూపులో నొచ్చుకోలు.

పెయిజ్ చెప్పినదంతా మర్యాదగానే చెప్పింది. బోర్డు తాతగారి జ్ఞాపకాలని బట్టి రాయించారంది. మీ మాట కూడా కమిటీ ముందు పెడతానంది. బయట ఇన్ని వందలమంది ఎదురుచూస్తున్నారు, ఈ రోజు సంతోషంగా జరుపుకుందాం అంది. ఒఫీలియా అన్నీ విని, బోర్డు ఇప్పుడే తీయమంది.

"మేడమ్, అప్పుడు అక్కడ నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు ఎవరికి తెలుసు చెప్పండి" అంది పెయిజ్.

"నాకు తెలుసు. కాలవలోకి దూకింది నేను. మీ తాత గట్టు మీదే నిలబడ్డాడు, బూట్లు తడుస్తాయని."

"నేను అప్పటికి పుట్టనే లేదు."

"పుట్టకపోవడం నీ తప్పు కాదమ్మా. తెలిశాక కూడా ఆ బోర్డు అక్కడ ఉంటే మాత్రం అది నీదే."

రూబెన్ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని, వదిలెయ్ ఫెలీ, వచ్చిన పని చూసుకుని పోదాం అన్నాడు. ఆవిడకి పెయిజ్ మీద కంటే అన్న మీద ఎక్కువ కోపం వచ్చింది. నువ్విలా వదిలేసీ వదిలేసీ వాళ్ళు విగ్రహం కట్టేదాకా వచ్చిందని అందరి ముందూ అనేసింది. అతను కర్ర పట్టుకుని బయటి ఆవరణ వైపు నడిచాడు.

ఆవరణలో ఎండ మండిపోతోంది. పాత పందెగాళ్ళు మడత కుర్చీల్లో, వాళ్ళ మనవలు భుజాల మీదా గోడల మీదా. బండిని బయటికి తోసుకొచ్చారు. దాన్ని బాగుచేసిన మెకానిక్ డేల్, గడ్డం నెరుస్తున్న మనిషి, ట్యాంకులో పందెపు బండ్లకి వాడే ఘాటైన నైట్రో ఇంధనం పోస్తున్నాడు. రూబెన్ బండి చుట్టూ తిరిగి, ఎర్రరంగు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. డేల్ అతని పక్కకి వచ్చి మెల్లిగా, చావెలా అంటే ఎవరండీ అని అడిగాడు. పాత పూత గీకుతుంటే కింద తెల్లటి అక్షరాలు బయటపడ్డాయట. ఉంచుదామా అని అడిగితే గీకేయమన్నారట.

"మా అమ్మ" అన్నాడు రూబెన్.

డేల్ తలూపి వెనక్కి తగ్గాడు. అప్పుడే పెయిజ్ మైకు పట్టుకుని, ఒకనాటి విజేత మన మధ్య ఉన్నారు, సీట్లో కూర్చునే ముందు రెండు మాటలు చెబుతారు అంటూ మైకు అతని చేతికిచ్చింది. చప్పట్లు మోగాయి. ఒఫీలియా మొహం పక్కకి తిప్పుకుంది. థాంక్స్ చెబుతాడు, కూర్చుంటాడు, ఫొటో తీయించుకుంటాడు, అంతే కదా అనుకుంది.

"నేను తాగలేదు" అన్నాడు రూబెన్.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"లోపల బోర్డు మీద నేను తాగానని రాశారు. నేను ఆ రోజూ తాగలేదు, ఏ రోజూ తాగలేదు. ఇసుక పోయించండని మేం అడిగాం, మా చెల్లెలు అడిగింది. పోయించలేదు. నా కాలు పోయాక పోయించారు. మా నాన్న నేను తాగాననుకునే చచ్చిపోయాడు. ఈ బండి పేరు చావెలా. నాకు ఇందులో కూర్చోవాలని చాలా ఆశగా ఉంది. ఆ బోర్డు అక్కడ ఉండగా కూర్చోను."

గొంతు పెంచలేదు. ఏదో దారి అడిగితే చెప్పినట్టు చెప్పి, మైకు తిరిగి ఇచ్చేశాడు. పెయిజ్ నవ్వబోయింది, కుదరలేదు. పెద్దాయన అలిసిపోయారు, ముందు ఇంజను వినిపిద్దాం అని డేల్ వైపు చెయ్యి ఊపింది. డేల్ వంగి ఇంధనం వాల్వు కట్టేశాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, "ఆయన కూర్చుంటేనేనండీ" అన్నాడు.

మడత కుర్చీల్లోంచి ఒక ముసలాయన లేచి, బోర్డు తీయించమ్మా, ఎండలో చస్తున్నాం అన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. చివరికి లోపలికి వెళ్ళి మేకులు ఊడదీసి బోర్డు తెచ్చింది గ్లెన్. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా.

రూబెన్‌ని ఇద్దరు పట్టి సీట్లోకి దింపారు. ఇంజను అందుకుంది. అది చప్పుడు కాదు, గుండెల మీద గుద్దు. నైట్రో పొగ కమ్మేసరికి అక్కడున్న అందరి కళ్ళలోంచీ నీళ్ళు ధారకట్టాయి. ఒఫీలియా కళ్ళూ కారాయి. పెయిజ్ అది చూసి ఇంకేదో అనుకుని ఆవిడ భుజం మీద చెయ్యి వేయబోయింది. ఒఫీలియా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఇది పొగ వల్ల అని చెప్పింది. ఆ మోతలో వినిపించి ఉండదు.

తిరుగు దారిలో రూబెన్ బట్టల నిండా నైట్రో వాసన. పిల్లాడిలా కిటికీలోంచి చూసుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ నీకు కోపమే రాలేదనుకున్నాను అంది ఒఫీలియా.

"రాకేం. ఇంట్లో ఇద్దరం అరిస్తే అమ్మ ఏమైపోయేది?" అన్నాడు.

ఆవిడకి ఆ మాట ఇన్నేళ్ళూ చెప్పనందుకు కూడా కోపం వచ్చింది.

నెల తిరక్కుండా కొత్త బోర్డు పెట్టారని డేల్ ఫోన్ చేసి చెప్పాడు. "ఈ బండి ఒక ప్రమాదంలో దెబ్బతిన్నది. కారణాలపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అని రాశారట. భిన్నాభిప్రాయాలట! రంగు కూడా ఎరుపే, పేరు కూడా క్రౌడర్‌దే. గుమ్మంలో విగ్రహం తాపీగా నవ్వుతూనే ఉంది. కమిటీ మీ మాటని గౌరవించింది కదా, అది కూడా తక్కువేం కాదు అని పెయిజ్ ఫోన్లో అంటే, గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి, మాకు నిజం పంపించండి అని ఒఫీలియా ఫోన్ పెట్టేసింది.

ఆ శనివారం ఆవిడ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళింది. మడత కుర్చీ కూడా తెచ్చుకుంది. బండి పక్కన వేసుకుని కూర్చుని, ఆగి చూసినవాళ్ళందరికీ చెప్పడం మొదలెట్టింది. కాలవ ఎక్కడుండేదో, ఎవరు ఇసుక అడిగారో, ఎవరు వద్దన్నారో, అతుకు ఎవరు వేశారో అన్నీ. గ్లెన్ ఒకటి రెండుసార్లు దగ్గాడు కానీ ఏమీ అనలేదు. తన గుంపుని తీసుకొచ్చి ఆవిడ ముందు ఆపి తను పక్కకి తప్పుకున్నాడు. మధ్యాహ్నానికి పెయిజ్ వచ్చి, ఇలా చేయడానికి వీల్లేదు మేడమ్ అంది.

"టికెట్ కొన్న మనిషి మాట్లాడకూడదని ఎక్కడ రాశారో చూపించు, పోతాను" అంది ఒఫీలియా.

పెయిజ్ చూపించలేకపోయింది. ఒఫీలియా ఇంకా ప్రతి శనివారం వెళుతోంది. రూబెన్ కూడా వస్తాడు. అతను మాత్రం లోపలికి రాడు, ఎదురుగా ఉన్న కొట్లో మొక్కజొన్న పిండి తమాలేలు తింటూ కూర్చుంటాడు. ఇంక ఇంటికి పోదామా అని మధ్యలో ఒకసారి గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు. ఇంకా నలుగురున్నారు, ఉండు అంటుంది ఆవిడ.